నలభై ఎనిమిదో టోకెను

ఆ బ్యాంకు బ్రాంచిలో గుమ్మం దాటగానే కుడిచేతి వైపు ఒక బల్ల, బల్ల వెనక చేతుల కుర్చీ, కుర్చీలో టోకెనక్క. ఏళ్ల తరబడి ఇదే వరస. లోపలికి వచ్చిన మనిషి ముందు ఆమెకి మొహం చూపించాలి, వచ్చిన పనేమిటో చెప్పుకోవాలి, ఆమె ఏ కౌంటరుకి వెళ్లమంటే ఆ కౌంటరుకి వెళ్లాలి. బల్ల మీద 'విచారణ' అని రాసిన చెక్క పలక ఉండేది గానీ దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. "టోకెనక్కని అడుగు, చెబుతుంది" అనేదే ఆ వీధిలో మాట.

ఆ పేరు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఇరవై మూడేళ్ల వయసులో చేరిన రోజున ఆమెకి అప్పజెప్పిన పని టోకెన్లివ్వడం. డబ్బు తీసుకోవడానికి వచ్చినవాళ్లు చెక్కు ఇస్తే, దాన్ని లోపలికి పంపి, వాళ్ల చేతిలో నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల పెట్టేది. లోపల సంతకం చూడటం, రాసుకోవడం అన్నీ అయ్యాక నంబరు పిలుస్తారు. క్యాషియరు గొంతు పక్కవాడికే వినపడేది కాదు కాబట్టి ఆ పిలవడం కూడా ఈమె నెత్తినే పడింది. "ముప్పై రెండూ! ముప్పై రెండెవరండీ!" అని ఆమె అరిస్తే బయట సైకిలు తాళం వేస్తున్నవాడు కూడా జేబు తడుముకునేవాడు. బిళ్ల తిరిగిచ్చి, డబ్బు తీసుకుని, ఇంకా అక్కడే నిలబడి లెక్కపెట్టుకునేవాళ్లంటే ఆమెకి ఒళ్లుమంట. "బిళ్ల ఇచ్చేశారుగా, పక్కకి జరగండి, వెనకవాళ్లకి దారివ్వండి" అని తరిమేది. ఆ తరవాత యంత్రాలొచ్చాయి. బిళ్లల్ని గుడ్డ సంచిలో కట్టి రికార్డు గదిలో పడేశారు. బిళ్లలు పోయాయి గానీ పేరు మాత్రం ఆమెకి అతుక్కుపోయింది.

ఇప్పుడామెకి యాభై ఎనిమిది. రిటైరవడానికి రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ అదే కుర్చీలో మహారాణిలా గడిపేస్తే సరిపోయేది. అప్పుడే వచ్చి పడింది కొత్తమ్మాయి.

డిజిటల్ ఆఫీసరట. ఇరవై ఆరేళ్ల పిల్ల, సన్నగా, చెవిలో ఎప్పుడూ ఏదో తీగతో. గుమ్మానికి ఎడమచేతి వైపు, సరిగ్గా టోకెనక్క బల్లకి ఎదురుగా, ఆ పిల్లకి కొత్త బల్ల వేయించాడు మేనేజరు. మొదటి రోజు ఆ అమ్మాయి నవ్వుతూ వచ్చి, "నమస్తే ఆంటీ" అంది.

ఊరు ఊరంతా, చివరికి తనకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అని పిలిచే మనిషిని పట్టుకుని ఆంటీ అంది. పాపం, మర్నాటికల్లా ఆ పిల్ల సంగతి తెలుసుకుని "అక్కా" అనడం మొదలుపెట్టింది. కానీ ఏం లాభం, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మనలో మాట, ఆంటీ అనకపోయినా టోకెనక్క ఇంకేదో వంక వెతుక్కునేదే. ఆ పిల్ల మీద కుళ్లు పుట్టింది పిలుపు వల్ల కాదు, ఎడమ వైపు తిరిగే జనం వల్ల.

ముందు కుర్రాళ్లు తిరిగారు. పోనీలే అనుకుంది. తరవాత ఆడవాళ్లు. తరవాత, కళ్లజోడు లేనిదే తలుపు కనపడని పెన్షన్ ముసలాయన కూడా కర్ర తాటించుకుంటూ నేరుగా ఎడమకి వెళ్లాడు. ఇరవయ్యేళ్లు ఆయన ఫారాలన్నీ పూర్తిచేసి పెట్టింది ఎవరు? టోకెనక్క పైకి ఫైలు తిరగేస్తూ, లోపల లెక్కపెట్టుకునేది. కుడికి ఆరుగురు, ఎడమకి పందొమ్మిది. కుడికి నలుగురు, అందులో ఒకడు పెన్ను అడగడానికి వచ్చినవాడు.

ఇంటికెళ్తే అక్కడ ఇంకోటి. ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, మొహం వెలిగిపోతుండగా చెప్పాడు.

"ఇవాళ మీ బ్రాంచికి వెళ్లానే. ఆ కొత్తమ్మాయి నా ఫోన్లో కరెంటు బిల్లు కట్టడం నేర్పించింది. ఎంత ఓపికే ఆ పిల్లకి! మూడుసార్లు అడిగినా విసుక్కోలేదు."

"నేను విసుక్కుంటానా?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. మొహంలోనే కనపడుతోంది. నా కళ్ల ముందు నుంచే వెళ్లి ఆ పిల్ల దగ్గర కూర్చున్నావన్నమాట."

"నువ్వు అప్పుడు భోజనానికి లేచావే!"

"అదే మరి, నేను లేచేదాకా కాచుకుని వెళ్లావు."

ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు పడలేదు. అడిగే ధైర్యం ఆయనకీ లేకపోయింది.

పుండు మీద కారం చల్లినట్టు ఆ వారమే మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది: వచ్చే నెల నుంచి గుమ్మం దగ్గర ఒకటే బల్ల ఉండాలి. రెండోవాళ్లు లోపల రికార్డు గదికి వెళ్లాలి. నెలాఖరున ఖాతాదారుల సమావేశం పెడుతున్నారు, పెద్దాఫీసు నుంచి ఆఫీసరు వస్తాడు, ఎవరు ఉండాలో ఆయనే తేలుస్తాడు.

రికార్డు గది అంటే కిటికీ లేని గది. ఒకే ఒక ట్యూబులైటు, అదీ కొట్టుకుంటూ వెలుగుతుంది. పాత ఫైళ్లు, దుమ్ము. అక్కడ మనిషి అలికిడి ఉండదు, అక్కా అని పిలిచే నోరు ఉండదు. టోకెనక్కకి జీతం మీద బెంగ లేదు, అది ఎక్కడ కూర్చున్నా వస్తుంది. ఆమెకి కావాల్సిందల్లా ఆ కుర్చీ, వచ్చినవాళ్లు ముందు తనని చూడటం. దానికోసం ఆ పిల్లతో పోటీ పడాల్సి వచ్చిందే అని ఆమె కడుపు మండిపోయింది.

సరిగ్గా ఆ మంటలోనే టైలరు మాస్టారు వచ్చాడు. ఆ వీధి చివర కుట్టు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. టోకెనక్క జాకెట్లన్నీ ఆయన చేతివే. మెడలో టేపు అలాగే వేసుకుని, ఫోను పట్టుకుని హడావిడిగా ఎడమ బల్ల వైపు నడిచాడు. అక్కడ నలుగురు ముందే నిలబడి ఉన్నారు.

"మాస్టారూ! అటెక్కడికి? ఇలా రా" అని పిలిచింది టోకెనక్క.

ఆయన ఫోను చూపించాడు. 'మీ కార్డు ఈ మందుల షాపు వద్ద టోకెన్ చేయబడినది' అని సందేశం.

"పొద్దున మా ఆవిడ బీపీ మాత్రలకి ఫోన్లో ఆర్డరు పెట్టానక్కా. నెలనెలా వాళ్లే పంపించి, పంపినప్పుడు కార్డులోంచి డబ్బు తీసుకునేలా చేస్తామంటే సరేనని ఏదో నొక్కాను. వెంటనే ఇది వచ్చింది. టోకెనంటే ఏంటి? ఆ అమ్మాయినడుగుదామని వచ్చాను."

"టోకెన్ సంగతి నన్నడక్క ఆ పిల్లనడుగుతావా?" టోకెనక్క నవ్వింది. ఎన్నో రోజులకి మనస్ఫూర్తిగా నవ్వింది. "టోకెన్ ఎప్పుడిస్తారు? డబ్బు తియ్యడానికి చెక్కు లోపలికి వెళ్లాక ఇస్తారు. ఇంక నంబరు పిలవడమే తరువాయి అన్నమాట. మరి నీ పేరు మీద ఇచ్చిన టోకెన్ నీ చేతిలో ఉందా?"

"లేదు."

"మరి ఎవరి చేతిలో ఉన్నట్టు?"

టైలరు మాస్టారి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "ఇప్పుడేం చెయ్యాలక్కా?"

"కార్డు బ్లాక్ చేయించెయ్. ఇప్పుడే. కార్డు వెనక నంబరుంటుంది, ఫోన్ చెయ్."

ఆయన అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. టోకెనక్కకి ఒక అనుమానం రాకపోలేదు. ఎదురు బల్ల దగ్గర ఆ పిల్ల టోకెన్ అనే మాట రోజూ నలుగురికైనా చెబుతూనే ఉంటుంది, కంగారు లేకుండా, నవ్వుతూ. ప్రమాదమైన మాటైతే అలా చెబుతుందా? మూడడుగులు వేసి అడిగితే తేలిపోయేది. అడిగితే నోటి ముత్యాలేమీ రాలిపోవు. కానీ అందరి ముందూ ఆ పిల్లని అడగడమా, అదీ టోకెన్ అంటే ఏమిటని! ప్రాణం పోయినా అడగదు. ఆ అనుమానాన్ని గుటుక్కున మింగేసింది. టైలరు మాస్టారు రెండు చేతులూ జోడించి, "నువ్వు లేకపోతే మునిగిపోయేవాణ్ణి" అని వెళ్లాడు. ఆ సాయంత్రం ఇంట్లో కూరలో ఉప్పు సరిగ్గా పడింది.

మునగడం ఆ తరవాత జరిగింది. కార్డు ఆగిపోయింది కాబట్టి మందుల షాపుకి డబ్బు అందలేదు, మాత్రల పొట్లం రాలేదు. దొంగ చేతిలో పడిందనుకున్న ఖాతా మీదే ఆయన ధ్యాసంతా, పొట్లం సంగతి గమనించలేదు. మాత్రలు అయిపోయిన నాలుగో రోజు ఆయన భార్య మెట్లు దిగుతూ కళ్లు తిరిగి పడింది. మణికట్టు విరిగింది.

ఆయన బ్రాంచికి రాలేదు. ఉత్తరం రాసి పంపాడు. 'మీ బ్రాంచిలో చెప్పిన మాట విని కార్డు ఆపేశాను' అని రాశాడే తప్ప ఎవరు చెప్పారో రాయలేదు. రాయకపోయినా మేనేజరు తనే తేల్చేసుకున్నాడు. కార్డుల వ్యవహారమంతా కొత్తమ్మాయిది కదా.

అద్దాల గదిలో ఆ పిల్లని నిలబెట్టి పావుగంట చీవాట్లు పెట్టాడు. టోకెనక్కకి ప్రతి మాటా వినపడింది. చెప్పొద్దూ, మొదటి రెండు నిమిషాలూ ఆమెకి కడుపు చల్లగానే అనిపించింది. పడనీ, పొగడ్తలు మోసినవాళ్లకి తిట్లు కూడా మొయ్యడం తెలియాలి అనుకుంది. మూడో నిమిషంలో ఆ పిల్ల ఉత్తరం తీసుకుని, అందులో కార్డు ఆపించిన తారీఖు చూసింది. అద్దంలోంచి ఒక్కసారి కుడి బల్ల వైపు చూసింది. ఆ రోజు టైలరు మాస్టారు ఎవరి ముందు నిలబడ్డాడో చూసిన కళ్లే అవి. చూసి, తల దించుకుని, "సారీ సార్" అంది.

టోకెనక్క తిరగేస్తున్న ఫైలు మూసేసింది. ఇప్పుడు చెబుతుంది, అప్పుడు చెబుతుంది అని సాయంత్రం దాకా ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆ పిల్ల నోరు మెదపలేదు. తేలు కుట్టిన దొంగలా టోకెనక్కా మెదపలేదు. విచిత్రమేమిటంటే, ఆ మౌనం మీద కూడా ఆమెకి కుళ్లే పుట్టింది. అంత మంచిదాన్నని అనిపించుకోవాలా ఏం? ఇరవై ఆరేళ్లకే ఇంత పెద్దరికమా? తనకి యాభై ఎనిమిదికి కూడా రానిది?

సమావేశానికి ముందు రోజు, మధ్యాహ్నం జనం లేని వేళ, ఆ పిల్ల రికార్డు గదిలోంచి ఏదో మోసుకొచ్చి టోకెనక్క బల్ల మీద పెట్టింది. దుమ్ముకొట్టుకున్న గుడ్డ సంచి. ముడి విప్పేసరికి ఇత్తడి బిళ్లలు గలగలా జారాయి.

"అక్కా, ఇవేంటి?"

టోకెనక్క బిళ్లల్లోకి చెయ్యి పెట్టింది. పదిహేడో నంబరు బిళ్ల తీసి చీరకొంగుతో తుడిచింది. తరవాత ఆగలేకపోయింది. చెక్కు తీసుకోవడం, బిళ్ల ఇవ్వడం, నంబరు పిలవడం, అన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయితే చెక్కు వాళ్ల చేతిలో ఉండదా?"

"చెక్కు చేతిలో పెట్టి హాలంతా తిరగనిస్తామా? చెక్కు లోపల భద్రంగా ఉంటుంది. దానికి బదులు బిళ్ల తిరుగుతుంది."

"బిళ్ల పోతే?"

"పోతే ఏముంది, ఆ నంబరు రద్దు చేసి ఇంకో బిళ్ల ఇస్తాం. చెక్కుకేమీ కాదు."

"ఇంకెవరికైనా దొరికితే?"

"దొరికితే ఏం చేసుకుంటాడు? ఇక్కడ నాకు మొహాలు తెలుసు, ఎవడి బిళ్ల ఎవడు తెచ్చినా పట్టేస్తాను. ఇంకో బ్యాంకుకి పట్టుకెళ్తే చెల్లదు. కూరల కొట్లో ఇస్తే తూకంరాయి అనుకుంటారు."

ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. "అక్కా, అదే! కార్డు టోకెన్ అన్నా అచ్చంగా ఇదే! ఫోన్లో కొన్నప్పుడు కొట్టువాడి దగ్గర మన కార్డు నంబరు ఉండకూడదు. దానికి బదులు వేరే నంబరు ఒకటి ఇస్తాం. అది ఆ కొట్టుకి తప్ప ఇంకెక్కడా చెల్లదు. రేపు ఆ కొట్లో దొంగలు పడినా వాళ్లకి దొరికేది ఒట్టి ఇత్తడి! నేను మూడు నెలలుగా 'సున్నితమైన సమాచారానికి ప్రత్యామ్నాయ సంకేతం' అని చదివి వినిపిస్తుంటే అందరూ ఆవలిస్తున్నారు. రేపు మీటింగులో ఇలా చెప్పనా?"

టోకెనక్క చేతిలో పదిహేడో బిళ్ల చల్లగా తగిలింది. అంటే టైలరు మాస్టారికి వచ్చింది మంచి కబురు. కార్డు భద్రంగా లోపల ఉంది, దానికి బదులు బిళ్ల తిరుగుతోంది అని చెప్పే కబురు. పదిహేడేళ్లు ఈ చేతులతో చేసిన పనే అది. కొట్టినపిండి. ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తనకే తట్టేది. ఆలోచించనిస్తేగా కుళ్లు.

"చెప్పుకో. నాదేం పోయింది" అంది.

ఆ పిల్ల బిళ్లలు లెక్కపెట్టింది. "తొంభై తొమ్మిదే ఉన్నాయక్కా. నలభై ఎనిమిది లేదు."

"ఎక్కడో పడిపోయుంటుంది" అంటూ టోకెనక్క తన చేతిసంచిని ఒళ్లోకి లాక్కుంది. నలభై ఎనిమిది ఆ సంచి లోపలి జేబులో ఉంది. టోకెన్లిచ్చిన ఆఖరి రోజున ఆమె ఆఖరుగా పిలిచిన నంబరు అది. ఇన్నేళ్లూ సంచులు మారాయి గానీ బిళ్ల మారలేదు.

మర్నాడు హాల్లో కుర్చీలు వేశారు. యాభై మంది దాకా వచ్చారు. ముందు వరసలో పెద్దాఫీసు ఆఫీసరు, రెండో వరస చివర టైలరు మాస్టారు, పక్కన కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆయన భార్య. కొత్తమ్మాయి బిళ్లలు బల్ల మీద పోసి, "ఇది మా అక్క దగ్గర నేర్చుకున్నానండీ" అని మొదలుపెట్టింది. కుర్చీల చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. టోకెనక్కకి మాత్రం వినపడింది, వినపడి ఇంకా మండింది. ఆ పిల్ల చక్కగా చెప్పింది. తూకంరాయి మాట కూడా వదలకుండా చెప్పింది. హాలంతా నవ్వింది. ఆఫీసరు తల ఊపుతూ ఏదో రాసుకున్నాడు. నా బిళ్లలు, నా మాటలు, చప్పట్లు ఆ పిల్లకి అనుకుంటూ టోకెనక్క వెనక గోడకి ఆనుకుని పళ్లు నూరింది.

అప్పుడు టైలరు మాస్టారు లేచాడు.

"అంత మంచిదే అయితే, మరి ఆ రోజు నా కార్డు ఎందుకు ఆపించారండీ?" ఆయన ఎవరి వైపూ చూడలేదు. ముఖ్యంగా వెనక గోడ వైపు చూడలేదు. "మా ఆవిడ చెయ్యి చూడండి."

ఆఫీసరు తన ఫైల్లోంచి ఉత్తరం తీసి కొత్తమ్మాయి వైపు తిరిగాడు. "ఆ ఉత్తరం ఇదేనా? మీరేనా చెప్పింది?"

ఆ పిల్ల చేతిలో బిళ్ల అటూ ఇటూ తిప్పింది. "కార్డుల పని నాది సార్. పొరపాటు జరిగింది" అంది. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

టోకెనక్క ఆ పిల్లనే చూస్తోంది. చెక్కు లోపల భద్రంగా ఉంటుంది, దానికి బదులు బిళ్ల తిరుగుతుంది. నిన్న తనే చెప్పింది. అద్దాల గదిలో ఒకసారి, ఇప్పుడు యాభై మంది ముందు ఇంకోసారి, తను గోడచాటున భద్రంగా ఉంటే తనకి బదులు ఈ పిల్ల నిలబడింది. టోకెనక్క గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"ఆ పిల్ల కాదు. నేను."

అందరూ వెనక్కి తిరిగారు.

"నేనే చెప్పాను. 'తెలియక చెప్పింది' అనకండి సార్, తెలియకపోతే అడగాలి. మూడడుగుల దూరంలో ఉందా పిల్ల. అడగలేదు. ఓర్వలేక అడగలేదు. వచ్చినవాళ్లందరూ దాని దగ్గరికే పోతున్నారని..." ఆ మాట ముందు వరసదాకా వినపడింది. ఊరంతా వినేలా నంబర్లు పిలిచిన గొంతు అది. "ఉత్తరం వచ్చిన రోజు కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. దాన్ని తిడుతుంటే విన్నాను."

టైలరు మాస్టారు నేల చూపులు చూశాడు. మాట్లాడింది ఆయన భార్య.

"నాకు తెలియదు అని నువ్వొక్క మాట అంటే మా దృష్టిలో తగ్గిపోయేదానివా టోకెనక్కా? రెండో బల్ల దగ్గరికి వెళ్లి అడిగేవాళ్లం. అంతేగా."

తిట్టినా బాగుండేది. టోకెనక్క ఆమె దగ్గరికి నడిచి, కట్టు లేని చేతిని పట్టుకుని, అందరి ముందూ ఏడ్చింది.

సోమవారం ఎవరూ చెప్పకముందే ఆమె రికార్డు గదికి వెళ్లడానికి తన బల్ల ఖాళీ చేసింది. కళ్లజోడు పెట్టె, నీళ్ల సీసా, నడుం నొప్పికి పెట్టుకునే దిండు. చెక్క పలక అక్కడే వదిలేసింది. అప్పటికే ఎడమ వైపు ఏడుగురు నిలబడి ఉన్నారు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టింది. కుళ్లు అంత తేలిగ్గా పోతుందా!

గుమ్మం మధ్య నిలబడి గొంతు సవరించుకుంది.

"నలభై ఎనిమిదీ! నలభై ఎనిమిదెవరండీ!"

వరసలో ఉన్న పెన్షన్ ముసలాయన అలవాటు కొద్దీ జేబు తడుముకున్నాడు. టోకెనక్క నేరుగా కొత్తమ్మాయి దగ్గరికి వెళ్లి, సంచిలోంచి బిళ్ల తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టింది. ఏళ్ల తరబడి రాసుకుని రాసుకుని నంబరు సగం అరిగిపోయి ఉంది.

"ఇప్పుడు లెక్క వంద."

ఆ పిల్ల గబుక్కున లేచి తన కుర్చీ చూపించింది. "అక్కా, కాసేపు కూర్చోండి. ఇక్కడే, నా పక్కన."

"బిళ్ల ఇచ్చేశాక కౌంటరు దగ్గర నిలబడకూడదమ్మా. వెనకవాళ్లకి దారివ్వాలి" అంది టోకెనక్క.

దిండు చంకలో పెట్టుకుని పక్కకి జరిగింది.